బేతాళుడు అందరివాడే, బొమ్మ మాత్రం శంకర్‌ది

ప్రశ్న: మేం అయిదుగురు స్నేహితులం నాలుగేళ్లుగా ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అనే, పాచికలు వేస్తూ పాత్రలుగా కథ నడిపే ఆట ఆడుతున్నాం. ఆ ఊపులో తెలుగులో ఒక అడ్వెంచర్, అంటే ఆడుకునే కథ, రాశాను, 64 పేజీలు వచ్చింది. నియమాలు ఐదో ఎడిషన్‌వే. కథలో విక్రమార్కుడు, బేతాళుడు ఉంటారు. కాశీమజిలీ కథల్లోంచి రెండు మజిలీలు తీసుకున్నాను. దారిలో తోటరాముడు తారసపడతాడు. పాత చందమామల్లోని బొమ్మలు స్కాన్ చేసి పెట్టాను, అట్ట మీద డీ అండ్ డీ లోగో వేశాను. ఒక విదేశీ సైట్లో పీడీఎఫ్ అమ్మి, 300 కాపీలు అచ్చు వేయించి పుస్తక ప్రదర్శనలో పెడదామని ఉంది. ‘ఆట నియమాలకు కాపీరైటే ఉండదు, ధైర్యంగా వేసేయ్’ అంటాడు ఒక మిత్రుడు. ‘2023లో లైసెన్సు రద్దు చేశారు, రాక్షసుడి పేరు కూడా కంపెనీదే’ అంటాడు ఇంకొకడు. ఎవరి మాట నమ్మాలి? నా పుస్తకానికి నేను ఏ లైసెన్సు పెట్టుకోవాలి?
— ఒక పాఠకుడు, నరసరావుపేట

సమాధానం: పుస్తకం అమ్ముకోవచ్చు, కానీ ఇప్పుడున్న రూపంలో కాదు. లోగో తీసేయాలి, చందమామ బొమ్మలు తీసేయాలి, తోటరాముడి పేరు మార్చాలి. బేతాళుడు ఉండవచ్చు, కాశీ మజిలీలు ఉండవచ్చు, రాక్షసుడు నిక్షేపంగా ఉండవచ్చు. నియమాల సంగతికొస్తే, మీరు అనుకుంటున్న దానికంటే అది సులువు. ఒక్క పేజీ సరిగ్గా పెడితే చాలు.

మీ మొదటి మిత్రుడి మాటలో సగం నిజం. ఇరవై ముఖాల పాచిక వేసి, వచ్చిన అంకెకు బోనసు కలిపి, ఎదుటివాడి రక్షణ అంకె అయిన ఆర్మర్ క్లాస్‌తో పోల్చి చూడటం ఒక పద్ధతి. పద్ధతికి కాపీరైటు ఉండదు. 1879లో బేకర్ వర్సెస్ సెల్డెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: జమాఖర్చుల విధానాన్ని వివరించిన పుస్తకానికి హక్కు ఉంటుంది, ఆ విధానానికి ఉండదు. మన సుప్రీంకోర్టు కూడా 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో, ఆలోచనకు హక్కు లేదని, దాన్ని చెప్పిన తీరుకే ఉందని తేల్చింది. ఆటల విషయంలో మన దేశపు తీర్పే కావాలంటే 2008 నాటి ఢిల్లీ హైకోర్టు తీర్పు ఉంది. స్క్రాబుల్ ఆటను ఇంటర్నెట్టులో స్క్రాబ్యులస్ పేరుతో పెట్టిన కలకత్తా అన్నదమ్ముల మీద మాటెల్ కంపెనీ దావా వేసింది. ఆట గడుల పలకకూ నియమాలకూ కాపీరైటు రక్షణ అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. కానీ పేరు దగ్గర మాత్రం అన్నదమ్ములు ఓడిపోయారు. స్క్రాబ్యులస్ అనే మాట ట్రేడ్‌మార్కుకు మరీ దగ్గరగా ఉందని ఆ పేరు వాడకుండా కోర్టు ఆపింది. ఆట లెక్సులస్ అని పేరు మార్చుకుని బతికింది. మీ అట్ట మీది లోగో ఎందుకు ప్రమాదమో ఈ ఒక్క కేసు చాలు చెప్పడానికి. నియమాల సంగతి, పేరు సంగతి చట్టం దృష్టిలో రెండు వేరు వేరు ఖాతాలు.

మిగతా సగం ఎక్కడ తప్పంటే, ఆట మూల నియమాల పుస్తకమైన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఆ నియమాన్ని చెప్పిన వాక్యాలు, మంత్రాల వర్ణన, ప్రాణుల కథాకమామిషు, ఇవన్నీ రచన. వాటికి హక్కు ఉంది. ‘నేను తెలుగులో రాశాను కదా’ అంటే కుదరదు. అనువదించే హక్కు కూడా మూల రచయితదేనని మన 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షనే చెబుతుంది. హ్యాండ్‌బుక్ పక్కన పెట్టుకుని పేరా తరవాత పేరా తెలుగు చేస్తే అది అనుమతి లేని అనువాదం.

అయితే ఆ అనుమతి ఇప్పటికే అందరికీ ఇచ్చేశారు. దాని పేరు సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్, వాడుకలో ఎస్‌ఆర్‌డీ. ఐదో ఎడిషన్ ఆడటానికి కావలసిన ఎముకల గూడు అందులో ఉంది: పాత్రల తరగతులు (ఫైటర్ లాంటివి), మంత్రాలు, ఆయుధాలు, కొన్ని వందల ప్రాణుల స్టాట్ బ్లాకులు, అంటే బలాబలాల అంకెల పట్టికలు. 2014 నియమాలకు ఎస్‌ఆర్‌డీ 5.1, దాదాపు 400 పేజీల పీడీఎఫ్. 2024లో సవరించిన నియమాలకు 5.2, ఇది 2025 ఏప్రిల్‌లో వచ్చింది. రెండూ క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 కింద ఉన్నాయి. మనవాళ్లు సీసీ బై అంటారు. డబ్బుకు అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు, అనువదించుకోవచ్చు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకునే వీల్లేదు. మీరు ఎవరికీ ఉత్తరం రాయనక్కర్లేదు, రాయల్టీ కట్టనక్కర్లేదు.

మీ రెండో మిత్రుడు చెప్పిన రద్దు గొడవ ఇది కాదు. 2000లో ఈ ఆట కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ఓపెన్ గేమ్ లైసెన్స్ (ఓజీఎల్) 1.0ఎ అని ఒకటి పెట్టింది. ఇరవై ఏళ్లపాటు చిన్నా పెద్దా ప్రచురణకర్తలంతా దాని నీడలోనే పుస్తకాలు వేసుకున్నారు. అందులో 9వ క్లాజులో, లైసెన్సుకు సంబంధించి ‘అధీకృతమైన ఏ వెర్షన్ అయినా’ వాడుకోవచ్చు అని ఉంది. 2023 జనవరి మొదట్లో బయటికి పొక్కిన కొత్త ముసాయిదా ఆ ఒక్క మాటను పట్టుకుని, పాతది ఇక అధీకృతం కాదు అంది. ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు దాటిన రాబడి మీద 25 శాతం వాటా కూడా అడిగింది. పెద్ద గొడవైంది. జనవరి 27న సంస్థ వెనక్కి తగ్గి, పాత లైసెన్సును ముట్టుకోబోమని ప్రకటించి, 5.1 మొత్తాన్ని క్రియేటివ్ కామన్స్‌లో పెట్టేసింది. అంటే ఆ గొడవ తరవాత మీ చేతికి వచ్చింది అంతకుముందు ఉన్నదానికంటే గట్టి హక్కు. రద్దయిందన్న మాట సగంలో ఆగిపోయిన వార్త.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ‘ఎందుకైనా మంచిది’ అని సీసీ బై వాక్యంతో పాటు ఓజీఎల్ పాఠం కూడా వెనక పేజీలో అతికిస్తారు. దానివల్ల రక్షణ పెరగదు, కాళ్లకు బంధం పడుతుంది. ఓజీఎల్ 7వ క్లాజు ఒప్పుకుంటే, ఇతరుల ట్రేడ్‌మార్కు పేరు చెప్పి ‘దీనితో ఆడుకోవచ్చు’ అని వేసుకునే హక్కును మీరే వదులుకున్నట్టు. 10వ క్లాజు ప్రకారం లైసెన్సు పాఠం ప్రతి కాపీలో అచ్చు వేయాలి. 15వ క్లాజు ప్రకారం మీరు వాడుకున్న ప్రతి పుస్తకం, ఆ పుస్తకం వాడుకున్న ప్రతి పుస్తకం కాపీరైట్ వాక్యాలు గొలుసులాగా ఎత్తి రాయాలి. ఒక లింకు తెగితే తప్పు మీది. ఏదైనా ప్రాణిని ఆట 3.5 ఎడిషన్ నాటి ఎస్‌ఆర్‌డీ నుంచో, 2023కు ముందు ఓజీఎల్ కింద వచ్చిన ఇంకో ప్రచురణకర్త పుస్తకం నుంచో తీసుకుంటే తప్ప మీకు ఓజీఎల్‌తో పనే లేదు. అలాంటి ప్రాణి ఒకటో రెండో ఉంటే వాటిని తీసేసి ఎస్‌ఆర్‌డీలోవి పెట్టుకోవడమే మేలని మా అభిప్రాయం. ఒక్క గబ్బిలం కోసం రెండు పేజీల లైసెన్సు మోయడం దేనికి?

5.1 వాడాలా, 5.2 వాడాలా అంటే, మీ బల్ల చుట్టూ ఏది ఆడుతున్నారో అదే. రెండూ కలపడం చట్టప్రకారం తప్పు కాదు, రెండింటి వాక్యాలూ వేస్తే సరి. కానీ ఆటలో అంకెలు పొసగవు. ఒకే పేరున్న ప్రాణి ఒక దాంట్లో ఒక బలంతో, ఇంకో దాంట్లో ఇంకో బలంతో ఉంటుంది.

ఇప్పుడు మీరు కూర్చుని చేయాల్సిన పని. ఎస్‌ఆర్‌డీ పీడీఎఫ్ తెరిచి పెట్టుకోండి. మీ రాతప్రతిలో వాడిన ప్రతి మంత్రం, ప్రతి ప్రాణి, ప్రతి ఉపతరగతి, ప్రతి మాయావస్తువు పేరూ ఒక్కొక్కటే అందులో వెతకండి. దొరికితే టిక్కు పెట్టండి. దొరక్కపోతే అది హ్యాండ్‌బుక్‌లోనో, ప్రాణుల పుస్తకమైన మాన్‌స్టర్ మాన్యువల్‌లోనో మాత్రమే ఉన్నట్టు, మీది కాదు. 64 పేజీలకు ఇది ఒక పూట పని. ఎక్కడ తట్టుకుంటారో ముందే చెబుతాం. 5.1లో ప్రతి తరగతికీ ఒక్కటే ఉపతరగతి ఉంది. ఫైటర్‌కు ఛాంపియన్ ఉంది గాని బ్యాటిల్ మాస్టర్ లేదు. ఫీట్ (పాత్రకు దక్కే అదనపు నైపుణ్యం) ఒక్కటే, గ్రాప్లర్. నేపథ్యం ఒక్కటే, అకొలైట్. మాంత్రికుల పేర్లున్న మంత్రాలకు పేరు కత్తిరించి ఇచ్చారు: టాషాస్ హిడియస్ లాఫ్టర్ అని మీరు ఆడే మంత్రం ఎస్‌ఆర్‌డీలో ఉత్త హిడియస్ లాఫ్టర్, మెల్ఫ్స్ ఆసిడ్ ఆరో ఉత్త ఆసిడ్ ఆరో, బిగ్‌బీస్ హ్యాండ్ అక్కడ ఆర్కేన్ హ్యాండ్. కాబట్టి మీరు ‘టాషా వికటాట్టహాసం’ అని తెలుగు చేసి ఉంటే టాషాను తీసేసి వికటాట్టహాసం ఉంచండి. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్, డిస్‌ప్లేసర్ బీస్ట్‌ల స్టాట్ బ్లాకులు అందులో లేవు, అవి కంపెనీ తన సొంతమని దాచుకున్నవి. డంజన్ మాస్టర్ అనే మాట కూడా అంతే. ఎస్‌ఆర్‌డీ మొత్తం గేమ్ మాస్టర్ అనే అంటుంది. తెలుగులో మనకు సూత్రధారి అనే చక్కటి మాట ఉండగా డీఎం అని పట్టుకు వేలాడటం ఎందుకు?

పేర్లు మార్చడం మీకొక్కరికే వచ్చిన కష్టం కాదు. ఈ ఆటలో ఉన్న హాఫ్లింగ్ మొదటి ముద్రణల్లో హాబిట్. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ రచనల హక్కుదారులు అభ్యంతరం చెప్పాక 1977 నుంచి పేరు మారింది. ఎంట్ ట్రియంట్ అయింది, బాల్రాగ్ బాలర్ అయింది. పొట్టివాళ్లూ నడిచే చెట్లూ ఎవరి సొత్తూ కాదు, ఆ పేర్లే ఒకరి సొత్తు.

ఇక రాక్షసుడు. ఈ పేరు మీద ఎవరికీ గుత్త హక్కు లేదు. వాల్మీకి నుంచి పోతన దాకా, యక్షగానం దాకా వాడిన మాట. పైగా రాక్షసుడి స్టాట్ బ్లాకు ఎస్‌ఆర్‌డీ 5.1లోనే ఉంది: ఆర్మర్ క్లాస్ 16, హిట్ పాయింట్లు 110, ఛాలెంజ్ 13, ఆరో స్థాయి దాకా ఉన్న మంత్రాలు అతని మీద పనిచేయవు. ఈ అంకెలు ఎత్తి రాసుకోవచ్చు. మాన్‌స్టర్ మాన్యువల్‌లో రాక్షసుడికి పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు, పట్టు అంగరఖా పెట్టి ఒక బొమ్మ గీశారు, పక్కన అతని గురించి ఒక కథ రాశారు. ఆ బొమ్మా ఆ కథా వాళ్లవి. మీ చిత్రకారుడికి ఆ పేజీ చూపించి ‘ఇలా గీయండి’ అనకండి. ఘటోత్కచుణ్నో, మీ ఊరి వీధినాటకంలో రంగు పూసుకున్న బకాసురుణ్నో గీయమనండి. చట్టం కోసమే కాదు, అది తెలుగు ఆటకు నప్పే రాక్షసుడు కూడా. నాగుల స్టాట్ బ్లాకులు కూడా ఎస్‌ఆర్‌డీలో ఉన్నాయి, వాటికీ ఇదే మాట.

కథల దగ్గరికొద్దాం. మీ పుస్తకంలో అందంగా ఉండే భాగం ఇదే, చిక్కు కూడా ఇక్కడే. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. ఆ లెక్క వేయడం నేర్చుకుంటే చాలు. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలకు ఎప్పుడో తీరిపోయింది. చిలకమర్తి 1946లో పోయారు, 2006 డిసెంబరు 31తో తీరింది. విశ్వనాథ సత్యనారాయణ 1976లో పోయారు కాబట్టి 2036 డిసెంబరు 31 దాకా ఉంటుంది. ప్రచురించిన సంవత్సరంతో పనిలేదు, మరణ సంవత్సరమే చూడాలి. పుస్తకం 1930 నాటిదైనా రచయిత 1976 దాకా బతికితే హక్కు బతికే ఉంటుంది.

బేతాళ కథల మూలం పదకొండో శతాబ్దపు సోమదేవుడి కథాసరిత్సాగరం. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానపురం, రోజుకో పండు తెచ్చి ఇచ్చే భిక్షువు క్షాంతిశీలుడు, శవం వేలాడేది శింశుపా వృక్షానికి. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న బెదిరింపూ అక్కడే ఉంది. ఇదంతా అందరిదీ. సంస్కృతం రాకపోతే సి.హెచ్. టానీ చేసిన ఇంగ్లీషు అనువాదం చూడండి, ఆయన 1922లో పోయారు కాబట్టి దానికీ హక్కు తీరింది. కానీ మనందరి చెవుల్లో మోగేది సోమదేవుడి మాట కాదు, చందమామ మాట. కథ మొదట్లో రాజు మళ్లీ చెట్టు దగ్గరికి వెళ్లడం, చివర మౌనభంగం కావడం చెప్పే ఆ పేరాలు చందమామ వాక్యాలు. అవి మీ పుస్తకంలోకి తెలియకుండానే జారిపోయి ఉంటాయి. బేతాళుడు నోరు విప్పిన ప్రతి చోటా ఒకసారి చూసుకోండి. పాత కథలు పాతికే. పత్రికలో దశాబ్దాల తరబడి వచ్చిన మిగతా బేతాళ కథలన్నీ కొత్తగా అల్లినవి. మీరు తీసుకున్న కథ కథాసరిత్సాగరంలో లేకపోతే అది ఎవరో తెలుగు రచయితది.

‘అవి రచయిత పేరు లేకుండా వచ్చాయి కదా, అరవై ఏళ్లు దాటాయి’ అనే వాదన ఒకటుంది. నిజమే, అజ్ఞాత రచనకు ప్రచురణ నుంచి 60 ఏళ్లే. అయితే ఆ గడువు తీరేలోగా రాసినదెవరో వెల్లడైతే లెక్క మళ్లీ ఆ మనిషి మరణం నుంచే. చందమామను ఏళ్ల తరబడి నడిపిన కొడవటిగంటి కుటుంబరావు 1980లో పోయారు, ఆ లెక్క 2040 దాకా వెళుతుంది. సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం 2010లో పోయారు, 2070 దాకా. ఏ కథ ఎవరిదో మీరు తేల్చలేరు. సోమదేవుడి దగ్గరికి వెళ్లడమే దారి.

బొమ్మల సంగతి ఇంకా స్పష్టం. భుజాన శవం, చేతిలో కత్తి, ఆ విక్రమార్కుడి బొమ్మ గీసిన శంకర్, అసలు పేరు కె.సి. శివశంకరన్, 2020లో కన్నుమూశారు. పత్రిక హక్కులు ఎన్ని చేతులు మారినా గడువు లెక్క చిత్రకారుడి మరణం నుంచే: 2080 డిసెంబరు 31. వడ్డాది పాపయ్య అట్టబొమ్మలకు 2052 డిసెంబరు 31. స్కాన్లు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతున్నాయంటే హక్కు పోయిందని కాదు. బొమ్మను చూసి మీ చిత్రకారుడితో తిరిగి గీయించినా, ఆ భంగిమ ఆ కూర్పు అలాగే ఉంటే నకలే అవుతుంది. పాత బొమ్మలే కావాలంటే రవివర్మ 1906లో, మన రాజమండ్రి దామెర్ల రామారావు 1925లో పోయారు, వాళ్ల చిత్రాలు అందరివీ అయిపోయాయి. అయితే మ్యూజియంలో ఇంకొకరు తీసిన ఫొటో కాకుండా, పబ్లిక్ డొమైన్ (హక్కు తీరి అందరిదీ అయింది) అన్న గుర్తుతో ఉన్న ఫైలు ఎంచుకోండి. మన చట్టంలో ఫొటోకు దాని లెక్క దానికి వేరే ఉంది.

కాశీమజిలీ కథలు రాసిన మధిర సుబ్బన్న దీక్షితులు 1928లో పోయారు. నిస్సందేహంగా వాడుకోండి, ఆయన పేరు మాత్రం వేయండి. మీ చేతిలో ఉన్నది ఆయన మూల పాఠమో, ఈ మధ్య ఎవరైనా వాడుక భాషలోకి తిరగరాసినదో చూసుకోండి. తిరగరాసిన వాక్యాలకు వేరే హక్కు ఉంటుంది. ప్రబంధాలకూ ఇదే సూత్రం. పింగళి సూరన పద్యం అందరిదీ, దాని కింద నిన్నమొన్నటి పండితుడు రాసిన తాత్పర్యం ఆయనది.

తోటరాముడి విషయం ఈ మొత్తంలో రుచికరమైన చిక్కు. 1951లో వచ్చిన పాతాళభైరవి సినిమాకు బీజం కాశీమజిలీ కథల్లోదే. మన చట్టంలో సినిమాకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన చలనచిత్రంగా దాని గడువు 2011తో తీరింది. ఇది విని చాలామంది తోటరాముడు, నేపాళ మాంత్రికుడు ఇక మనవాళ్లే అనుకుంటారు. కానీ సినిమా వేరు, అందులోని రచన వేరు. కథనం, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావువి. ఆయన 1971లో పోయారు కాబట్టి ఆ రచనకు 2031 డిసెంబరు 31 దాకా ఉంది. మీరు అమ్మబోయేది విదేశీ సైట్లో అంటున్నారు. ఆ సైటు అమెరికాదైతే అక్కడి లెక్క ఇంకోటి. 1996 జనవరి 1 నాటికి మన దేశంలో హక్కు బతికున్న రచనలకు అమెరికా తన చట్టంలో హక్కు కొత్తగా కల్పించింది, ఈ కాలపు వాటికి ప్రచురణ నుంచి 95 ఏళ్లు. 1951 నాటి సినిమాకు అది 2046 చివరి దాకా. ఫిర్యాదు వస్తే అక్కడి సైటు మీ పుస్తకాన్ని ముందు దించేస్తుంది, తరవాతే మీ వాదన వింటుంది. కాశీమజిలీలకు ఈ బెడద లేదు, 1996 నాటికే వాటి హక్కు ఇక్కడ తీరిపోయింది.

కాబట్టి తోటరాముణ్ని తీసేసి, దీక్షితులుగారి మజిలీలోని సాహసిని నేరుగా తెచ్చుకోండి. గుహలో దేవత, బలి అడిగే మాంత్రికుడు, సొమ్ములిచ్చే విగ్రహం, ఇలాంటి సరుకు జానపదానిది, ఎవరైనా వాడుకోవచ్చు. సినిమాలోని పేర్లు, వాళ్ల మాట తీరు, ఆ వేషం మాత్రం వద్దు.

చందమామ బొమ్మలు తీసేస్తే కొత్తవి గీయించాలి. ఇక్కడ తెలుగు ప్రచురణల్లో తరచూ జరిగే నష్టం ఒకటి చెప్పాలి. చిత్రకారుడితో ఫోన్లో మాట్లాడుకుని, యూపీఐలో డబ్బు పంపి, వాట్సాప్‌లో ‘సరే’ అనిపించుకుని సరిపెడతారు. చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, ఇచ్చేవారి సంతకంతో ఉండాలి. రాసుకున్నా ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే అని లెక్క. ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశానికే అని లెక్క. అంటే అమెరికా సైట్లో అమ్మే హక్కు మీకు రాలేదన్నమాట, ఆరో ఏడు రెండో ముద్రణ వేసే హక్కూ లేదు. ఇంకోటి, బదిలీ అయిన హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది జారిపోతుంది, వేరేలా రాసుకుంటే తప్ప. ఒక తెల్లకాగితం చాలు. ఏ బొమ్మలు, ఎంత డబ్బు, అచ్చుకూ పీడీఎఫ్‌కూ ప్రచారానికీ, ప్రపంచమంతటా, కాపీరైటు ఉన్నంత కాలం, ఏడాదిలోగా వాడకపోయినా హక్కు పోదు అన్న మాటలు రాసి ఇద్దరూ సంతకం చేయండి. బొమ్మ కింద చిత్రకారుడి పేరు వేయండి, అది 57వ సెక్షన్ ఇచ్చిన హక్కు, డబ్బు చెల్లించినంత మాత్రాన పోదు. మ్యాపులు గీసినవాళ్లకూ ఇదే కాగితం.

అక్షరాలకు పెద్ద బెంగ అక్కర్లేదు. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, ఎన్టీఆర్ వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, పుస్తకంలో వాడి అమ్ముకోవచ్చు. కొన్న ఫాంటయితే పీడీఎఫ్‌లో పొదగడానికి అనుమతి ఉందో లేదో దాని కాగితం చదవండి.

ఇక మీ పుస్తకానికి లైసెన్సు. ఎస్‌ఆర్‌డీ నుంచి వచ్చిన భాగం ఎప్పటికీ సీసీ బై కిందే ఉంటుంది, దాన్ని మీరు ముడుచుకోలేరు. పీడీఎఫ్‌కు కాపీ కానివ్వని తాళం వేయడం కూడా ఆ లైసెన్సుకు విరుద్ధమే, కావాలంటే కొన్నవారి పేరు ప్రతి పేజీ కింద పడేలా పెట్టుకోండి. మీరు రాసిన కథ, పాత్రలు, ఊళ్లు, బొమ్మలు మీ ఇష్టం. మా సలహా రెండు ముక్కలు చేయమని. మీరు కొత్తగా కట్టిన స్టాట్ బ్లాకులు, నియమాలు సీసీ బైలో వదిలేయండి. ఇంకో తెలుగువాడు మీ బేతాళుడి అంకెలు వాడుకుని ఇంకో అడ్వెంచర్ రాస్తే ఆట పెరుగుతుంది. కథనూ బొమ్మలనూ మీ దగ్గర ఉంచుకోండి. వ్యాపారానికి వాడరాదు అనే షరతు పెట్టే రకం జోలికి వెళ్లకండి. ఉదారంగా కనిపిస్తుంది గాని, రేపు ఒక చిన్న ప్రచురణకర్త వంద కాపీలు వేసి ఖర్చులు రాబట్టుకుందామన్నా అది అడ్డు. ఏది పెట్టినా వెనక్కి తీసుకోలేరు, ఒక వారం ఆలోచించి పెట్టండి. తెలుగు వికీపీడియాలోంచి పేరాలు ఎత్తి ఉంటే వాటిని మీ మాటల్లో తిరగరాయండి. అది షేర్ అలైక్ రకం, అందులోంచి తీసి మార్చిన భాగాన్ని మీరు కూడా అదే లైసెన్సులో పెట్టాల్సి వస్తుంది.

ఫెయెరూన్ వంటి కంపెనీ సొంత కల్పిత లోకాలు కథలో తప్పవనుకుంటే మాత్రమే కంపెనీ అనుమతితో నడిచే అమ్మకాల సైటు డీఎమ్స్ గిల్డ్ వైపు చూడండి. అక్కడ అవి వాడనిస్తారు, రాబడిలో సగం మీకు ఇస్తారు, కానీ అక్కడ పెట్టినదాన్ని ఇంకెక్కడా అమ్మకూడదు. మీ పుస్తక ప్రదర్శన స్టాలు ఆశ వదులుకోవాల్సిందే. మీ కథకు ఆ లోకం అవసరమే లేదు.

చివరిగా, మొదట చెప్పిన ఆ ఒక్క పేజీ. లోపలి అట్ట వెనక ఈ వరసలో పెట్టండి. ముందుగా ఎస్‌ఆర్‌డీ మొదటి పేజీలో కంపెనీ ఇచ్చిన గుర్తింపు వాక్యం, ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టుగా, లంకెలతో సహా. కంపెనీకి ఇంకో కృతజ్ఞత, ఇంకో పేరు ఎక్కడా చేర్చకండి, ఆ పేజీలోనే వద్దన్నారు. దాని కింద తెలుగులో: ‘ఎస్‌ఆర్‌డీ నుంచి తీసుకున్న భాగాలను తెలుగులోకి అనువదించి, మార్చాం.’ ఈ ముక్క మరిచిపోయేవాళ్లే ఎక్కువ, మార్పు చేశామని చెప్పడం లైసెన్సులోని షరతు. తరవాత: ‘బేతాళ కథలకు మూలం సోమదేవుడి కథాసరిత్సాగరం. రెండు మజిలీలకు మూలం మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు.’ తరవాత చిత్రకారుల పేర్లు, ఫాంటు పేరు, మీ రెండు ముక్కల లైసెన్సు. అట్ట మీద లోగో ఉన్న చోట చిన్న అక్షరాలతో ‘ఐదో ఎడిషన్‌కు అనుకూలం’ అని వేయండి, అంతవరకు ఎస్‌ఆర్‌డీయే అనుమతించింది. ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒకటి తప్పిపోతే కంగారు పడకండి: పొరపాటు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దితే సీసీ బై హక్కు దానంతట అదే తిరిగి వస్తుంది. అందుకే ముందు పీడీఎఫ్ పెట్టి, ఒక నెల చూసి, ఆ తరవాతే 300 కాపీలు ప్రెస్సుకు పంపండి. పీడీఎఫ్‌లో తప్పు దిద్దడం పది నిమిషాల పని, కట్టలు కట్టిన పుస్తకాలకైతే ప్రతి కాపీకీ చీటీ అతికించాలి.